పిక్చర్ ట్యూబు పోయిన వానాకాలం

సాయంత్రం నాలుగుంబావు. తెల్లవారుజామున మొదలైన జల్లు మధ్యాహ్నానికి ఆగింది. గాలి లేదు. ఆకాశం మాత్రం పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతూ ఉంది. మా పెద్ద తమ్ముడు కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లకళ్లద్దాలతో టాక్సీ దిగి, ఇంటి కింది హాలు గుమ్మం ఎక్కిన సమయం అది. ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. వాడు లోపలికి వచ్చి గోడ గడియారం కింద నిలబడిపోయాడు. నేను వాడి ముఖం చూడలేక గడియారం చూశాను.

ఆ హాలు నా తమ్ముళ్లిద్దరిదీ. బీరువాలంత ఎత్తున్న పాత వీడియో గేమ్ యంత్రాలు రెండు వరసల్లో ఉండేవి. ఒక్కోదానికీ ఒక తెర, దాని కింద ఒక కర్ర, రెండు మూడు బటన్లు, టోకెన్ వేసే సందు. కాలేజీ రోజుల్లో వాటి ముందు నిలబడి చేతులు నొప్పి పుట్టేదాకా ఆడినవాళ్లు, జుట్టు నెరిశాక మళ్లీ వెతుక్కుంటూ వచ్చేవారు. పాత ఆటలంటే పిచ్చి ఉన్న కుర్రవాళ్లు కూడా ఊళ్లు దాటి వచ్చేవారు. యంత్రాలను బాగుచేసేది పెద్దవాడు, మనుషులతో మాట్లాడేది చిన్నవాడు. ఇద్దరికీ అరవై దాటినా మా ఇంట్లో వాళ్లు పెద్దోడూ చిన్నోడే. పై అంతస్తులో ఆ ఇద్దరూ, చిన్నోడి భార్య, వాళ్ల కూతురు, విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పి రిటైరైన నేను ఉండేవాళ్లం. పెద్దోడు పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే యంత్రాలవైపు చెయ్యి చూపించి, "ఇంతమందిని పోషించలేక చస్తున్నాను" అనేవాడు.

గుమ్మానికి ఎదురుగా ఉండేది వాళ్లు కొన్న మొదటి యంత్రం. చుక్కల మధ్య ఒక చిన్న ఓడ ఎగురుతూ, పైనుంచి పడే రాళ్లను కాల్చే ఆట. అందరూ దాన్ని ఓడ అనే పిలిచేవారు. ఆ సాయంత్రం ఓడ తెర కళ్లు జిగేలుమనేలా వెలుగుతోంది.

"ఇదేంటిరా?" అన్నాడు పెద్దోడు.

"కొత్త స్క్రీన్ అన్నయ్యా! ఎలా ఉందో చెప్పు. నీ కొత్త కంటికి కొత్త బొమ్మ." చిన్నోడి ముఖం కూడా ఆ తెరలాగే వెలుగుతోంది.

"పాతది ఏది?"

"అదింక లాభం లేదన్నయ్యా. ఏళ్ల తరబడి వెలిగి వెలిగి అక్షరాలు గాజుకి అంటుకుపోయాయి కదా, ఎప్పుడు ఆడినా వెనకాల దయ్యాల్లా అవే కనబడేవి. వచ్చినవాళ్లంతా అదే గోల. నిన్న పాత సామాన్లు కొనేవాడు బండి తోసుకుంటూ వస్తే..."

"ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను."

పెద్దోడు నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఒక చేత్తో కర్ర పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో బటన్ నొక్కాడు. తెరమీద ఓడ కాల్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ కాల్చింది. "ఆలస్యంగా పేలుతోంది" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. తర్వాత కర్ర వదిలేసి, ఆస్పత్రి సంచి తీసుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఈ ఆటలు తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. పాత యంత్రాలకు లావుపాటి గాజు పిక్చర్ ట్యూబు ఉండేది. బటన్ నొక్కిన క్షణంలోనే బొమ్మ కదిలేది. ఇప్పటి పలచని తెరల్లో బొమ్మ కనురెప్పపాటులో పదోవంతు వెనకబడుతుంది. ఆ తేడా నాకు ఎన్నడూ పట్టుబడలేదు, చిన్నోడికీ పట్టుబడేది కాదు. పెద్దోడికి మాత్రం అది చెప్పులో రాయి. పైగా అలాంటి ట్యూబులు చేయడం లోకం ఏనాడో మానేసింది. పోయిందంటే పోయినట్టే. ఒకరికి స్పష్టంగా కనిపించే గీత మరొకరికి కనిపించకపోవడం వల్ల ఎన్ని సరిహద్దులు పుట్టాయో నేను జీవితమంతా పాఠం చెప్పాను. ఇంట్లో పుట్టినదాన్ని గుర్తుపట్టడానికి మాత్రం నాకు ఆ రాత్రి భోజనం దాకా పట్టింది.

"అక్కా," అన్నాడు పెద్దోడు కంచంలోంచి తల ఎత్తకుండా, "మెయిన్ స్విచ్ పక్కన గోడ తడుస్తోంది. వాడికి చెప్పు."

వాడు సరిగ్గా ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"చిన్నోడా, మెయిన్ స్విచ్ పక్కన..."

"విన్నానని చెప్పక్కా. రేపు ప్లంబరుని పిలుస్తానని కూడా చెప్పు."

"ప్లంబరెందుకు, అది పైకప్పు నీరు అని చెప్పు."

"ఆస్పత్రిలో పడుకున్నవాళ్లకి పైకప్పు సంగతి బాగా తెలుసే, అని చెప్పు."

"అది నేను చెప్పను" అన్నాను.

చిన్నోడి భార్య గరిటె పట్టుకుని నా పక్కన నిలబడి ఉంది. "మీరు బొత్తిగా టెలిఫోన్ తీగ అయిపోయారు వదినా. నెల తిరగ్గానే ఇద్దరికీ బిల్లు వేయండి" అంది. ఎవరూ నవ్వలేదు. పెద్దోడు చేయి కడుక్కుని లేచాడు.

మొదటి వారంలో చిన్నోడు క్షమాపణకు దగ్గర్లోకి వచ్చాడు. నాతో చెప్పించాడు. పెద్దోడు నాతోనే జవాబు చెప్పించాడు: "నేను గాజు గురించి మాట్లాడటం లేదని చెప్పు." మరి దేని గురించి అన్నది చెప్పలేదు. రెండో వారానికి చిన్నోడి పశ్చాత్తాపం కోపంగా మారింది. మంచి చేయబోయినవాడికి కోపం వస్తే అది తొందరగా చల్లారదు. మూడో వారంలో వాడు వడ్రంగిని పిలిపించాడు.

వడ్రంగి చెవి మీద పెన్సిలు పెట్టుకుని హాలంతా టేపుతో కొలిచి, నేల మీద మైనపు సుద్దతో గీత గీశాడు. మధ్యలో చెక్క గోడ కట్టి, ఒక సగం పెద్దోడి యంత్రాలకు, ఒక సగం చిన్నోడికి, ఎవరి గుమ్మం వాళ్లకు. అది చిన్నోడి ఆలోచన. మెట్ల మీద నిలబడి పెద్దోడు అంతా చూశాడు, వద్దనలేదు.

"పైన కూడానా?" అని అడిగాడు వడ్రంగి. "వంటిల్లు రెండు చేయాలంటే సింకు ఎటు పోతుందో ముందే అనుకోవాలి."

ఆ మాటకు నా మరదలు వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. వంటిల్లు విడిపోతే ఇల్లు విడిపోయినట్టేనని మా ఎవరికీ ఒకరు చెప్పనక్కర్లేదు.

"పైన సంగతి తర్వాత చూద్దాం. ముందు కింద మొదలుపెట్టు" అన్నాడు చిన్నోడు.

"మొదలుపెట్టను బాబూ. ఈ తేమలో చెక్క బిగిస్తే నెల తిరిగేసరికి బూరెలా ఉబ్బి, తలుపు పడదు. తర్వాత నా పేరే చెడుతుంది. వానలు తగ్గనీ, నేనే వస్తాను."

అలా మాకు ఒక గడువు వచ్చింది. ఆ ఏడు వాన కురుస్తున్నంతసేపూ నేను కిటికీ దగ్గర కూర్చుని, ఇంకా కురిస్తే బాగుండునని కోరుకున్నాను. ఊళ్లో అలా కోరుకున్నది బహుశా నేనూ, గొడుగులమ్మేవాడూ మాత్రమే.

నన్ను ఆ టెలిఫోన్ ఉద్యోగం నుంచి తప్పించింది నా మేనకోడలు. బట్టల దుకాణంలో లెక్కలు చూసే పిల్ల, ముప్పై దగ్గరపడుతున్న పిల్ల. ఒక ఉదయం నేను రెండు గదుల మధ్య మాటలు మోసి మోసి రొప్పుతుంటే, కాఫీ కప్పు నా చేతికిచ్చి అంది:

"అత్తా, నువ్వు మోస్తున్నన్నాళ్లూ వాళ్లకి మాట్లాడుకునే అవసరమేముంది చెప్పు?"

తర్కం తిరుగులేనిది. ఆ రోజే ఇద్దరికీ విడివిడిగా చెప్పేశాను, ఇక ఏ మాటైనా ఎవరిది వాళ్లే మోసుకోవాలని. దాని మొదటి ఫలితం మేము అనుకున్నది కాదు. రాత్రి షట్టరు అన్నయ్య వేశాడనుకున్నాడు చిన్నోడు. తమ్ముడు వేశాడనుకున్నాడు పెద్దోడు. పొద్దున దిగి చూస్తే హాల్లో చీలమండల లోతు నీళ్లు. ఇద్దరూ చెరొక తుడుపుకర్ర పట్టుకున్నారు. ఒకరు గుమ్మం వైపు నుంచి, ఒకరు గోడ వైపు నుంచి నెట్టుకుంటూ వచ్చి, సరిగ్గా హాలు మధ్యలో, వడ్రంగి సుద్దతో గీసిన గీత దగ్గర కర్రలు తగిలేంత దగ్గరకు వచ్చారు. క్షణం ఆగారు. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి ఎవరి దారిన వాళ్లు తుడుచుకుంటూ పోయారు. నీళ్లు మాత్రం గీతను లెక్కచేయక అటూ ఇటూ పారుతూనే ఉన్నాయి.

తేమకు భయపడి పెద్దోడు ఓడను ముట్టుకోకుండా మిగతా యంత్రాలన్నిటికీ కరెంటు తీసేశాడు. చిన్నోడు ఓడను కూడా ఆపేశాడు. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. హాలు మూగబోయింది. ఒక్క శనివారం సాయంత్రాలు మాత్రం లోపలి మూల నాలుగు బల్లల దగ్గర మనుషులు ఉండేవారు. నా మేనకోడలు అంతకుముందు ఏడాది నుంచి అక్కడ కార్డుల ఆట నడిపేది.

మొదట్లో పెద్దోడు దాన్ని చూసి, "హాల్లో పేకాట పెట్టావటే? పోలీసులొస్తే మీ నాన్నని చూపిస్తాను" అనేవాడు. అది పేకాట కాదు. ఒక్కొక్కరికీ సొంతంగా కూర్చుకున్న కట్ట ఉంటుంది. కార్డుల మీద కోటలు, బావులు, కంచెలు, మృగాలు. వాటిని నలగకుండా ఒక్కొక్కదానికీ పారదర్శకమైన తొడుగు వేసి, ఏళ్ల తరబడి సేకరిస్తారు, మార్చుకుంటారు, ప్రాణంలా చూసుకుంటారు. ఆడేవాళ్లు ఇద్దరు. ఒక్కొక్కరికీ ఇరవై ప్రాణాలు. ఎవరివి ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. అంతవరకు తెలిస్తే ఈ కథకు చాలు. వివాదం వస్తే తీర్పు చెప్పేందుకు నన్ను కూర్చోబెట్టారు. నియమాల పుస్తకం సాంతం చదివే ఓపిక ఆ హాల్లో ఇంకెవరికీ లేకపోవడమే నా అర్హత.

ఆ ఆటలో ఒక మర్యాద ఉంది. ఏ కార్డు వేసినా దాని పేరు చెప్పి, "జవాబుందా?" అని ఎదుటివాణ్ణి అడగాలి. ఎదుటివాడు "లేదు" అన్నాకే అది చెల్లుతుంది. "ఉంది" అంటే, దాన్ని అడ్డుకునే కార్డు వాడు వేస్తాడు. వసంతంలో ఒకసారి, ఎప్పుడూ తెల్ల యూనిఫారంతోనే వచ్చే నర్సమ్మకీ, బస్సు డ్రైవరుకీ దీని మీదే పెద్ద రగడ అయింది. ఆవిడ తల ఊపిందని ఆయన, దోమని తోలుకున్నానని ఆవిడ. నేను ఇద్దరి వాదనా విని, ఇకమీదట తల ఊపితే చెల్లదు, నోటితో పలకాలి అని హాలు నియమంగా పెట్టాను. ఒక దోమ వల్ల పుట్టిన ఆ నియమం లేకపోతే, తర్వాత జరిగినది జరిగేది కాదని నా అభిప్రాయం.

యంత్రాలు ఆగిపోయాక శనివారాలు పెద్దోడు ఆ బల్లల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మొదటిసారి దూరంగా నిలబడ్డాడు. రెండోసారి కుర్చీ వెనక నిలబడ్డాడు. మూడోసారి నర్సమ్మ తన సంచిలోంచి ఇంకో కట్ట తీసి వాడి ముందు పెట్టింది.

"కూర్చోండి పెద్దాయనా. నిలబడి చూస్తే కాళ్లలో నీరు దిగుతుంది."

"నాకు ఆడటం రాదమ్మా."

"పుట్టగానే ఎవరికొచ్చు? కట్ట విప్పి చూడండి."

వాడు యంత్రం బాగుచేసినట్టే ఆడేవాడు. ఒక్కొక్క కార్డునూ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వెనకవైపు కూడా తిప్పి చూసి, పది రకాలుగా ఆలోచించి వేసేవాడు. "మా వార్డులో సూది ఇంతకంటే తొందరగా గుచ్చుతాను" అనేది నర్సమ్మ. వాడు నవ్వేవాడు. ఆ వానాకాలంలో వాడి నవ్వు నేను విన్నది అక్కడే.

ఆ రోజుల్లోనే ఇంకో నియమం వాడికి ఎదురైంది. కొన్ని కార్డులు బల్ల మీద ఉంటే, ప్రతి వంతు మొదట్లో వాటి మేలు మనకు అందుతుంది. కానీ మనమే గుర్తుంచుకుని అడగాలి. ఉదాహరణకు ఊటబావి. నీ వంతు రాగానే, కట్టలోంచి కొత్త కార్డు తీయకముందే "బావి" అనాలి. అంటే నాలుగు ప్రాణాలు పెరుగుతాయి. అనకుండా కార్డు తీశావా, ఆ వంతుకు బావి ఎండినట్టే. డ్రైవరు ఒకరోజు అలాగే మరిచిపోయి ఓడిపోయి, "చూస్తూ కూర్చున్నారు గానీ ఒక్క మాట చెప్పకూడదా?" అని నర్సమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"గుర్తుచేయడానికి నేనేమైనా మీ ఆవిడనా?" అంది ఆవిడ కార్డులు సర్దుకుంటూ.

హాలంతా గొల్లున నవ్వింది. పెద్దోడు మాత్రం నావైపు తిరిగి, "నిజమేనా అక్కా? చెప్పక్కర్లేదా?" అని అడిగాడు. చెప్పక్కర్లేదని, అది తప్పు కాదని, కావాలంటే చెప్పవచ్చునని పుస్తకం తీసి చూపించాను. వాడు పేజీ మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

వానలు వెనకబడుతున్న రోజుల్లో, చివరిసారిగా గట్టిగా కురిసిన శనివారం అది. వీధి చివర నీళ్లు నిలిచి బస్సులు రాలేదు. ఎప్పుడూ పదిహేను ఇరవై మంది వచ్చేచోట పెద్దోడితో కలిపి ఏడుగురే అయ్యారు. ఏడు బేసి సంఖ్య. ఒకరికి జోడీ ఉండదు. అలాంటప్పుడు ఇంటివాళ్లలో ఒకరు కూర్చోవడం అక్కడి ఆనవాయితీ. నా మేనకోడలు ఆట నడపాలి, నేను తీర్పు చెప్పాలి. టోకెన్ల బల్ల వెనక ఖాళీగా కూర్చున్నది చిన్నోడే. కూతురి కట్ట తీసుకుని వాడు కూర్చున్నాడు. మొదటి రౌండులో వాడు గెలిచాడు. వేరే బల్ల దగ్గర పెద్దోడూ గెలిచాడు. గెలిచినవాళ్లకు గెలిచినవాళ్లతోనే జోడీ. చీటీలు తీస్తున్నప్పుడు నేను పక్కనే నిలబడి కళ్లారా చూశాను గనుక చెబుతున్నాను, అందులో ఎవరి కుట్రా లేదు. ఉన్నది వాన.

"రెండో బల్ల" అని నా మేనకోడలు చీటీ విప్పింది. ఆగింది. "పెదనాన్న, నాన్న."

ఇష్టం లేనివాడు లేచి వెళ్లిపోవచ్చు. ఓడినట్టు రాస్తారు, అంతే. పెద్దోడు కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడ్డాడు. చిన్నోడు అప్పటికే కూర్చుని, కట్ట కలుపుతున్నాడు, అవసరానికి మించి కలుపుతున్నాడు. ఆ ఆటలో మన కట్టను ఎదుటివాడు ఒకసారి కోసి, కింది సగం పైకి పెట్టి ఇవ్వాలి. వాడు కట్టను బల్ల మధ్యకు తోశాడు. పెద్దోడు దాన్ని చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, కట్ట కోశాడు.

"కంచె" అన్నాడు చిన్నోడు బల్లతో. "జవాబుందా?"

పెద్దోడు తల ఊపాడు.

"నోటితో" అన్నాను నేను.

కొంతసేపటికి "లేదు" అన్నాడు. రెండు నెలల్లో వాడు తమ్ముడితో అన్న మొదటి మాట అది.

"మట్టికోట. జవాబుందా?"

"లేదు."

"అడవిపంది. జవాబుందా?"

"ఉంది. ఉచ్చు. జవాబుందా?"

"లేదు."

అలా సాగింది. గొంతులు మాత్రం ఆస్పత్రిలో పేర్లు పిలిచే గుమాస్తాల గొంతులు. అవి మాటలే గానీ మాట్లాడుకోవడం కాదన్న సంగతి నాకు తెలుసు. ప్రతి పలుకునూ నియమం గుంజి బయటికి తీస్తోంది. పక్క బల్ల దగ్గర నర్సమ్మ తన వంతు మరిచిపోయి ఇటు చూస్తోంది. నా మరదలు ఎప్పుడు దిగి వచ్చిందో, మెట్ల మీద కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

ఆట చివరికి వచ్చేసరికి చిన్నోడికి మూడే ప్రాణాలు మిగిలాయి. ముందు వంతులోనే ఊటబావి దించాడు. పెద్దోడి ముందు ఒక మృగం ఉంది, తర్వాతి వంతులో అది సరిగ్గా మూడు ప్రాణాలు తీస్తుంది. చిన్నోడు బావి పిలిస్తే బతుకుతాడు, లేకపోతే లేదు. పసిపిల్లలు కూడా మరిచిపోని వంతు అది.

అప్పుడే, పై అంతస్తు లేని ముందు భాగపు కప్పు నుంచి ఒక చుక్క రాలింది. వాన చప్పుడులో అది వినబడే అవకాశం లేదు. కానీ చిన్నోడు తల తిప్పి చూశాడు. గుమ్మానికి ఎదురుగా, ఆపేసి ఉన్న ఓడ నెత్తిన నీటి చుక్కలు పడుతున్నాయి. వాడు ఆ వైపే చూస్తూ, చేయి మాత్రం అలవాటుగా కట్ట మీదకు పోయి, పై కార్డు తీసేశాడు. తీశాక గాని వాడికి తెలియలేదు. తెలిసిందని ముఖంలో కనిపించింది. కార్డును మిగతా కార్డుల్లో కలుపుకున్నాడు.

పెద్దోడు ఓడను చూశాడు. తర్వాత తమ్ముడి చేతిని చూశాడు.

"బావి" అన్నాడు.

"ఏంటి?"

"నీ బావి పిలవడం మర్చిపోయావురా."

నియమాల పుస్తకం మొత్తంలో ఎక్కడా వాడిచేత ఆ మాట అనిపించగల వాక్యం లేదు.

చిన్నోడు తల ఎత్తలేదు. "కార్డు తీసేశాను. అయిపోయింది. ఆట కానియ్యి."

"అయిపోయిందో లేదో అక్కని అడుగు."

ఇద్దరూ నావైపు తిరిగారు. చిన్నప్పుడు పెన్సిలు ముక్క ఎవరిదని తగవు పడి ఇలాగే తిరిగేవారు. పుస్తకం నా ఒళ్లోనే ఉంది, కాని తెరవనక్కర్లేదు. "ఎదుటివాడు ఒప్పుకుంటే చెల్లుతుంది" అన్నాను.

"నేనొప్పుకుంటున్నాను" అన్నాడు పెద్దోడు.

చిన్నోడు ప్రాణాలు లెక్కపెట్టే పూసలు ఒక్కొక్కటే జరిపాడు. నా మేనకోడలు బకెట్ తెచ్చి ఓడ మీద పెట్టింది. టంగు టంగుమని చుక్కలు పడుతుండగా ఆట ఇంకొన్ని వంతులు సాగింది, చిన్నోడు గెలిచాడు. ఆట అయ్యాక చేయి కలపడం మర్యాద. పెద్దోడు చేయి చాచాడు. చాచిన చేయి వెనక్కి తీసుకోకుండా, మామూలు గొంతుతో అన్నాడు:

"ఇచ్చేముందు నన్ను అడగాల్సిందిరా."

"నీకు సంతోషంగా ఉంటుందనుకున్నాను."

"అనుకున్నావు. అడగలేదు."

"అడగలేదు" అన్నాడు చిన్నోడు. "అడగాల్సింది అన్నయ్యా."

"అంతే. నేనన్నది అదే."

"అయ్యా, తర్వాతి రౌండు మొదలుపెడతారా, లేక నేను నైట్ డ్యూటీకి పోనా?" అంది నర్సమ్మ ముక్కు ఎగబీలుస్తూ. ఆవిడకు జలుబు లేదు.

దీంతో అంతా చక్కబడిందని రాస్తే అది చరిత్ర కాదు. మర్నాడు భోజనాల దగ్గర మళ్లీ నిశ్శబ్దమే. కాకపోతే పెద్దోడు "ఆ ఉప్పు ఇటు" అన్నాడు, ఎవరి పేరూ చెప్పకుండా, నావైపు చూడకుండా. ఉప్పు చిన్నోడి చేతి నుంచి వాడి చేతికి వెళ్లింది. మరదలు నన్ను మోచేత్తో పొడిచింది. వడ్రంగికి మాత్రం ఎవరూ వద్దని చెప్పలేదు. చిన్నోడు చెప్పలేదు. తాను పిలిచిన మనిషిని తానే వెనక్కి పంపితే, అది కూడా అడగకుండా చేసిన పనే అవుతుందని వాడు అనుకున్నాడేమో. పెద్దోడు చెప్పలేదు, వాణ్ణి ఎవరూ అడగలేదు గనుక. నేను వాతావరణ వార్తలు వినడం మానేశాను.

వాన ఆగింది. గోడలు ఆరాయి. ఎండ తెల్లగా కాసిన ఒక ఉదయం వడ్రంగి తోపుడు బండి నిండా చెక్కలతో గుమ్మం ముందు ఆగాడు. చెవి మీద అదే పెన్సిలు. లోపల పెద్దోడు ఓ యంత్రం వెనక పలక విప్పి, దుమ్ము దులుపుతున్నాడు. సుద్దగీత సగం చెరిగి ఇంకా నేలమీద ఉంది.

"గోడ ఇక్కడే కదా? గీత సరిగ్గా కనబడటంలేదు, మళ్లీ గీయనా?" అన్నాడు వడ్రంగి.

చిన్నోడు గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత హాలు దాటి వెళ్లి, అన్న కూర్చున్నచోట ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఇక్కడ గోడ కట్టిద్దామనుకుంటున్నాను" అన్నాడు. "జవాబుందా?"

పెద్దోడు బ్రష్షు పక్కన పెట్టాడు. వేళ్ల మీది దుమ్ము ఊదుకున్నాడు.

"ఉంది" అన్నాడు.

చిన్నోడు అదేమిటని అడగలేదు. కాసేపు అక్కడే గొంతుక్కూర్చుని, ఇద్దరూ కలిసి ఆ యంత్రం లోపలికి, అక్కడేదో ఉన్నట్టు చూశారు.

"బాగుంది వరస! ఇన్ని చెక్కలు ఏం చేసుకోను? వెనక్కి తోసుకుపోతే నడుం విరుగుతుంది" అన్నాడు వడ్రంగి.

"కార్డులకి బల్లలు చాలట్లేదంటోంది పిల్ల" అన్నాడు పెద్దోడు లోపలి నుంచి. "వాటికి సరిపోతాయేమో కొలిచి చూడు. నువ్వేమంటావురా?"

"సరే" అన్నాడు చిన్నోడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఓడని ఇవాళ ఆన్ చేద్దామా?"

"చెయ్యి. వచ్చేవాళ్లు ఆడుకుంటారు." బ్రష్షు మళ్లీ అందుకుంటూ అన్నాడు: "నేను మాత్రం దాన్ని ఆడను. అది వేరే సంగతి."

మా మరదలు పైనుంచి కేక వేసింది, వడ్రంగికి కూడా కలిపి కాఫీ పెడుతున్నానని, సింకు ఎక్కడికీ జరగడం లేదని.

ఆ హాలు మరో పదకొండేళ్లు నడిచింది. ఓడకు సరిపోయే గాజు ట్యూబు కోసం చిన్నోడు ఎన్ని ఊళ్లు తిరిగినా దొరకలేదు. పెద్దోడు చివరి దాకా దాని కర్ర పట్టుకోలేదు. పొద్దున్నే అన్ని యంత్రాల అద్దాలతో పాటు దాని అద్దమూ తుడిచేవాడు.